వేట నుంచి వెతల దాకా... రాజా దీన్ దయాళ్ కెమెరా

నేల మీద చచ్చి పడి ఉన్న పెద్దపులి. దాని వెనకాల దర్జాగా నిలబడిన వైస్రాయ్ కర్జన్, ఆయన భార్య. 1902లో వరంగల్ జిల్లా నెక్కొండ దగ్గర తీసిన ఈ ఫొటోని మీరు ఏ పుస్తకంలోనో, ఏ హోటల్ గోడమీదో చూసే ఉంటారు. అది దీన్ దయాళ్ స్టూడియోవాళ్లు తీసిన ఫొటో. అదే స్టూడియో కరువులో చిక్కుకున్న ఔరంగాబాద్ వెళ్లి, పొట్టకూటి కోసం సహాయ పనుల్లో చేరిన జనాన్నీ ఫొటోలు తీసింది. పరదా దాటి బయటికి రాని ఆడవాళ్ల కోసం హైదరాబాద్‌లో ప్రత్యేకంగా ఓ స్టూడియో కూడా పెట్టింది. రాజుల వినోదాల దగ్గర ఆగిపోకుండా ఇన్ని వైపులకు కెమెరా తిప్పిన ఆ మనిషి ఎవరో తెలుసుకుందామా?

నగల వ్యాపారి ఇంటి బిడ్డ

దీన్ దయాళ్ తెలుగువాడు కాదు. ఉత్తరప్రదేశ్‌లో మీరట్ దగ్గర ఉన్న సర్ధనాలో 1844లో పుట్టారు. వాళ్లది నగల వ్యాపారం చేసుకునే జైన కుటుంబం. అబ్బాయి మాత్రం దుకాణంలో కూర్చోకుండా రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజనీరింగ్ కాలేజీలో చేరాడు. ఇప్పటి ఐఐటీ రూర్కీ అదే. చదువు అయ్యాక 1866లో ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో ఉద్యోగం వచ్చింది. కట్టడాలకు అంచనాలు వేయడం, నక్షాలు గీయడం ఆయన పని. గీత వంకర పోకూడదు, కొలత తప్పకూడదు. తర్వాత ఆయన తీసిన ఫొటోల్లో కనిపించే పొందిక ఈ కొలబద్ద దగ్గరే అలవాటయి ఉంటుంది.

కెమెరా చేతికి వచ్చేసరికి ఆయనకు ముప్పై ఏళ్లు. 1874 ప్రాంతంలో సరదాగా మొదలుపెట్టారు. ఇండోర్ మహారాజు తుకోజీరావు హోల్కర్, బ్రిటిష్ ప్రతినిధి సర్ హెన్రీ డేలీ ప్రోత్సహించారు. ఆ తర్వాత వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్ అయితే బుందేల్‌ఖండ్ పర్యటనకు వెంటబెట్టుకుని వెళ్లి, పాత గుళ్లు, కోటలు ఫొటోలు తీయించారు. అవి 1886లో మధ్య భారతంలోని ప్రసిద్ధ కట్టడాల పుస్తకంగా వచ్చాయి. ఈలోగా దీన్ దయాళ్ సెలవు పెట్టి సొంతంగా ఫొటోలు తీయడం మొదలుపెట్టారు. చివరికి ఉద్యోగమే మానేశారు. నెల తిరిగేసరికి జీతం వచ్చే సర్కారు కొలువు వదిలి ఫొటోలు తీసుకుంటానంటే ఆ రోజుల్లో ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి!

ఇప్పుడు ఫోన్ తీసి నొక్కితే ఫొటో. అప్పుడు అలా కాదు. మొదట్లో గాజు పలకకు అక్కడికక్కడే మందు పూసి, తడి ఆరేలోగా ఫొటో తీసి, వెంటనే చీకటి గుడారంలో కడగాలి. అందుకే ఎక్కడికి వెళ్లినా సీసాలు, గుడారం, పెట్టెలు బండెడు సామాను వెంట ఉండాల్సిందే. 1880 తర్వాత ముందే తయారుచేసిన పొడి పలకలు వాడకంలోకి వచ్చాక కాస్త సులువయింది. వెలుగును త్వరగా పట్టుకునే ఆ పలకల పుణ్యమా అని కదిలే గుర్రాన్ని కూడా ఫొటోలో నిలపడం సాధ్యమయింది.

ఆటలు, వేటలు, విన్యాసాలు

1885-86 చలికాలంలో ఢిల్లీ దగ్గర జరిగిన పెద్ద సైనిక విన్యాసాలను దీన్ దయాళ్ ఫొటోలు తీశారు. ఆ రోజుల్లోనే వైస్రాయ్‌కి ఫొటోగ్రాఫర్‌గా నియామకం దక్కింది. హైదరాబాద్ పిలుపూ అప్పుడే వచ్చింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కి వేటంటే ప్రాణం. ఆయన కొలువులో చేరిన దీన్ దయాళ్ సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచారు. కంటోన్మెంట్ దొరల ఆటపాటలు, గుర్రాల మీద జట్లు, కవాతులు, విందులు, అడవిలో వేట విడుదులు... ఎక్కడ సందడి ఉంటే అక్కడ ఆయన కెమెరా ఉండేది.

అప్పటి వేట ఫొటోలు జాగ్రత్తగా చూడండి. పులి దూకడం కనిపించదు. తుపాకి పేలడం కనిపించదు. అంతా అయిపోయాక పులిని ముందు పడుకోబెట్టి, ఎవరు ఎక్కడ నిలబడాలో సర్ది తీసినవే ఎక్కువ. అంటే అవి వేట ఫొటోలు అనేకన్నా, వేటాడినవాళ్ల గొప్ప ఫొటోలు అనాలి. గెలిచిన జట్టు కప్పుతో దిగే ఫొటో లాంటివే అన్నమాట. ఆ పనిలో ఆయన్ని మించినవాళ్లు లేరు. 1894లో నిజాం ఆయనకి ముసవ్విర్ జంగ్ రాజా బహదూర్ అని బిరుదు ఇచ్చారు. 1896లో బొంబాయిలో కూడా స్టూడియో వెలిసింది. 1897లో విక్టోరియా రాణి నుంచి రాచ నియామక పత్రం అందింది. ఇంత పేరు వచ్చాక, ఇక ఇదే చాలు అని చాలామంది కూర్చుంటారు.

పరదా లోపలికి వెళ్లిన కెమెరా

మగవాళ్లు దర్బారులో, వేటలో, మైదానంలో ఫొటోలు దిగుతున్నారు. మరి వాళ్ల ఇళ్లల్లో ఆడవాళ్లో? గొప్పింటి స్త్రీలు పరాయి మగవాడి ముందుకు రావడమే నామర్దా అనుకునే కాలం. అలాంటప్పుడు నల్లగుడ్డ కప్పుకుని తేరిపార చూసే ఫొటోగ్రాఫర్ ఎదుట కూర్చోవడమా!

దీనికి దీన్ దయాళ్ ఓ మార్గం కనిపెట్టారు. 1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్లకు మాత్రమే అంటూ జనానా స్టూడియో తెరిచారు. చుట్టూ ఎత్తయిన గోడలు. మగవాళ్ల నీడ కూడా పడకుండా కట్టుదిట్టం. దాని బాధ్యత చూసింది కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషు మహిళ. హైదరాబాద్ ఫొటోల చరిత్ర అనగానే రాజా దీన్ దయాళ్ అంటారు, మంచిదే. కానీ ఆ గోడల లోపల మన ఆడవాళ్లకి ధైర్యం చెప్పి, కొంగు సర్ది, కెమెరా వైపు చూడమన్న ఈ ఇంటావిడ పేరు మనలో ఎందరికి తెలుసు?

ఇందులో వ్యాపారం లేదా అంటే ఉంది. సగం జనాభా గిరాకీని వదులుకోవడం ఏ వ్యాపారికీ ఇష్టం ఉండదు. అయినా అక్కడికి వెళ్లిన స్త్రీ సంగతి ఆలోచించండి. తన ముఖం కాగితం మీద ఎలా ఉంటుందో ఆమె మొదటిసారి చూసుకుంది. తను లేకపోయినా తన మనవరాలు తనని చూడగలుగుతుంది. ఇది తక్కువ సంగతా?

కరువు ముందు నిలబడ్డప్పుడు

1899లో వానలు మొహం చాటేశాయి. ఆ ఏడూ మరుసటి ఏడూ దక్కన్‌తో పాటు దేశంలో చాలా ప్రాంతాలు కరువుతో అల్లాడాయి. అప్పట్లో నిజాం రాజ్యంలో భాగమైన ఔరంగాబాద్ ప్రాంతమూ అందులో ఉంది. కరువు వస్తే సర్కారు సహాయ పనులు తెరవడం ఆనాటి పద్ధతి. చెరువు తవ్వడం, రోడ్డు వేయడం, కంకర కొట్టడం లాంటి పనులు చేస్తేనే కూలి. మగవాళ్లతో పాటు ఆడవాళ్లూ తట్టలు ఎత్తారు. నిజాం ప్రభుత్వం చేపట్టిన ఈ సహాయ కార్యక్రమాలను దీన్ దయాళ్ స్టూడియో ఒక ఆల్బమ్‌గా తయారుచేసింది.

ఇక్కడ ఓ మాట చెప్పుకోవాలి. ఆ ఆల్బమ్ ప్రభువులు చేసిన మేలు చూపించడానికి తయారయింది. డబ్బు ఇచ్చింది ప్రభువులే. కాబట్టి కరువు నిజం మొత్తం అందులో ఉందనుకోవడం అమాయకత్వం. పని దాకా నడవలేక దారిలోనే ఆగిపోయినవాళ్లు సహాయ పనుల ఆల్బమ్‌లోకి ఎలా వస్తారు? అయితే కెమెరాకి ఓ గుణం ఉంది. ఏలినవారి గొప్ప చూపించమని పంపినా, ఎదురుగా ఉన్న ఎండిన డొక్కని కూడా అది పట్టుకుంటుంది. పులి పక్కన నిలబడిన దొర పేరు ఫొటో కింద రాస్తారు. తట్ట మోసిన తల్లి పేరు ఎవరూ రాయరు. కానీ వందేళ్లు దాటాక ఈ రెండు ఫొటోల్లో మనల్ని ఎక్కువసేపు నిలబెట్టేది ఏదో వేరే చెప్పాలా?

చివరి రోజులు

దీన్ దయాళ్ కొడుకులు జ్ఞాన్ చంద్, ధరమ్ చంద్ ఇద్దరూ స్టూడియో పనిలోనే పెరిగారు. 1904లో ధరమ్ చంద్ చనిపోవడం ఆయనకి పెద్ద దెబ్బ. మరుసటి ఏడాది, 1905 జూలైలో దీన్ దయాళ్ బొంబాయిలో కన్నుమూశారు. కొంతకాలం జ్ఞాన్ చంద్ నడిపినా ఆ పాత వైభవం నిలవలేదు. అదృష్టం ఏమిటంటే, కుటుంబం దగ్గర మిగిలిన గాజు పలకల్లో 2,857 పలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం కొని భద్రపరిచింది. 2006లో తపాలా శాఖ ఆయన పేరు మీద స్టాంపు విడుదల చేసింది.

మన ముంగిట్లో...

దీన్ దయాళ్ గోల్కొండ కోటనీ, కుతుబ్‌షాహీ సమాధులనీ ఫొటోలు తీశారు. ఆ కోట దాటి ఇంకాస్త ముందుకు వెళితే నార్సింగి వస్తుంది. ఒకప్పటి పల్లె ఇప్పుడు ఆకాశానికి నిచ్చెనలు వేసినట్టున్న భవనాలతో, ఔటర్ రింగ్ రోడ్డుతో గుర్తుపట్టలేనట్టు మారిపోయింది. ఆ పక్కనే గచ్చిబౌలిలో స్టేడియం ఉంది. ఫొటోగ్రఫీ నేర్చుకునే అమ్మాయిలకి పరుగు పందెంలో ఆఖరి అడుగుని, గోల్ పడ్డ క్షణాన్ని పట్టుకోవడం మంచి సాధనే. కన్ను చురుగ్గా అవుతుంది, వేలు వేగం నేర్చుకుంటుంది. అయితే అక్కడ నేర్చిన చురుకుతో రోడ్డు దాటి వస్తే, ఆ పెద్ద భవనాలకు ఇసుక మోస్తున్న ఆడకూలీలు ఉన్నారు. ఎక్కడెక్కడి నుంచో వలస వచ్చినవాళ్లు. చంకలో పిల్ల, నెత్తిన తట్ట. ఆటలో క్షణం చాలు. ఇక్కడ మాత్రం కూర్చోవాలి, మాట్లాడాలి, అడిగి తీయాలి, మళ్లీ మళ్లీ వెళ్లాలి. ఆ అమ్మాయి వెనక నిజాం లేడు, వైస్రాయ్ లేడు. ఎవరి గొప్పా చూపించక్కర్లేదు. దీన్ దయాళ్‌కి లేని ఆ స్వేచ్ఛ ఈ తరం అమ్మాయికి ఉంది.

మీ ఇంట్లో కెమెరా పట్టుకున్న అమ్మాయి ఉంటే, మ్యాచ్‌లు చాలు ఈ కూలీల ఫొటోలు ఎందుకని కసరకండి. తీసిన ఫొటో కింద ఆ మనిషి సరేనంటే ఆమె పేరు, ఊరు, తేదీ రాసి ఉంచమనండి. కరువు పనుల్లో తట్ట మోసిన తల్లికి దక్కని గౌరవం కనీసం ఈమెకైనా దక్కుతుంది.