ఇల్లే మొదటి బడి: హైన్రిక్ పెస్టాలజీ జీవితము

ప్రాథమిక పాఠశాలలో పసిబిడ్డలచేత అక్షరములు దిద్దించు ఉపాధ్యాయుని లోకము గొప్పవారి వరుసలో నిలుపుట అరుదు. అయినను స్విట్జర్లాండు దేశస్థుడైన జోహాన్ హైన్రిక్ పెస్టాలజీ అట్టి పనికే తన బ్రదుకును ధారపోసి, ఐరోపా ఖండములో చిన్నపిల్లల చదువు సాగు త్రోవనే మార్చెను. ఉపాధ్యాయ శిక్షణ పొందువారు నేటికిని ఆయన పేరు తమ పాఠ్యగ్రంథములలో చదువుదురు. అయితే ఆయనను ఉపాధ్యాయునిగా తీర్చిదిద్దినది ఏ శిక్షణ కళాశాలయు కాదు. ఒక విధవరాలి యింటిలో, ఒక పనికత్తె చేతులలో, ఒక పల్లెటూరి సంఘకాపరి వెంట నడచిన నడకలలో ఆయన ఉపాధ్యాయుడాయెను. ఆ యింటి మేలును, ఆ యింటి కొరతయు రెండును ఆయనలో కడవరకు నిలిచియుండెను.

మరణశయ్యయొద్ద ఇచ్చిన మాట

హైన్రిక్ 1746వ సంవత్సరము జనవరి 12వ తేదీన జూరిచ్ పట్టణములో జన్మించెను. ఆయన పూర్వికులు ఇటలీ భాష మాటలాడు ప్రాంతమునుండి వచ్చి, సంస్కరణ విశ్వాసమును అవలంబించి జూరిచ్‌లో స్థిరపడిరి. తండ్రి శస్త్రవైద్యుడు, నేత్రవైద్యుడు. మంచి మనస్సుగలవాడే గాని ధనము కూడబెట్టినవాడు కాడు. 1751వ సంవత్సరములో, హైన్రిక్ ఐదేండ్ల బాలుడై యుండగా, తండ్రి ముప్పది మూడేండ్ల వయస్సులోనే మరణించెను. తల్లి సుసన్నాకు మిగిలినది ముగ్గురు పిల్లలు, స్వల్పమైన ఆదాయము మాత్రమే.

ఆ యింటిలో బార్బరా అను పనికత్తె యుండెను. అందరు ఆమెను బాబెలి అని పిలిచెడివారు. పల్లెనుండి వచ్చిన యువతి. చదువు అంతగా ఎరుగదు. చనిపోవుచున్న యజమానుడు ఆమెను చెంతకు పిలిచి, తన భార్యను విడిచిపోవద్దని, ఆమె విడిచిపోయినయెడల తన బిడ్డలు పరుల పాలగుదురని వేడుకొనెను. బాబెలి మాట ఇచ్చెను. ఏ పత్రమును వ్రాయబడలేదు, ఏ సాక్షియు సంతకము చేయలేదు. అయినను నలువది సంవత్సరములకు పైగా, తాను చనిపోవువరకు, ఆమె ఆ మాటను తప్పలేదు.

ఆ కుటుంబము గౌరవమైన పట్టణ పౌరుల కుటుంబము. పేదరికము బయటికి కనబడనీయరాదు. దేవాలయమునకు, బంధువులకు, దానధర్మములకు ఇయ్యవలసినది లోపము లేకుండ ఇచ్చుచు, ఇంటిలోపల మాత్రము ప్రతి కాసును లెక్కించుకొనవలసి వచ్చెను. బాబెలి సంతకు పోయినప్పుడు, కూరగాయలు అమ్ము పల్లె స్త్రీలు ఇంటికి తిరిగి పోవుటకు తొందరపడు వేళవరకు కాచియుండి, అప్పుడు చౌకగా కొనెడిది. పిల్లల బట్టలును చెప్పులును అరిగిపోకుండునట్లు వారిని వీధిలో ఆడుకొననిచ్చెడిది కాదు. పండుగలకు తొడిగిన మంచి బట్టలు ఇంటికి రాగానే విప్పించి దాచెడిది. తల్లియు తనకంటూ ఏమియు కోరక, తన యౌవనమును సుఖమును పిల్లలకొరకు విడిచిపెట్టెను.

హైన్రిక్ ఈ యిద్దరు స్త్రీలను చూచుచు పెరిగెను. ప్రేమ యనగా మాట కాదనియు, ప్రతిదినము చేయు చిన్న చిన్న పనులనియు ఆయన పుస్తకములలో చదువక మునుపే నేర్చుకొనెను. చదువులేని ఒక స్త్రీలో ఎంత గొప్ప మనస్సు నివసింపగలదో కన్నులార చూచినందున, పేదవారి బిడ్డలను అల్పులుగా ఎంచుట ఆయనకు ఎన్నడును చేతకాలేదు.

వీధి ఎరుగని బాలుడు

అయితే నాణెమునకు రెండవ ప్రక్కయు కలదు. తండ్రి లేని యింటిలో, నాలుగు గోడల నడుమ, స్త్రీల సంరక్షణలో పెరిగిన ఆ బాలునికి తోటివారితో ఆడుటయు, పోరాడుటయు, లోకవ్యవహారములు తెలిసికొనుటయు అలవడలేదు. బడికి పోయినప్పుడు ఆయన తడబాటును చూచి పిల్లలు నవ్వి, వెఱ్ఱివాళ్ళ ఊరి వింతవాడు అను అర్థము వచ్చు మారుపేరు పెట్టిరి. వ్రాతలో పొందిక లేదు. అక్షరదోషములు ఆయనను జీవితాంతము విడువలేదు. ఐరోపాకు చదువు చెప్పు విధము నేర్పిన ఆచార్యుడు తానే సరిగా వ్రాయలేనివాడని అనేకులు పరిహసించిరి.

కాని ఆ వెఱ్ఱి హృదయములో మరియొకటి దాగియుండెను. 1755లో జూరిచ్‌లో భూమి కంపించినప్పుడు, బడిలోని ఉపాధ్యాయులు పిల్లలకంటె ముందుగా మెట్లు దిగి పరుగెత్తిరి. లోపల మిగిలిపోయిన టోపీలను పుస్తకములను తెచ్చుటకు ఎవరును సాహసింపలేదు. అప్పుడు తొమ్మిదేండ్ల హైన్రిక్ మరల పైకి పోయి వాటిని తెచ్చి స్నేహితులకిచ్చెను. అందరు నవ్వు బాలుడే ఆనాడు అందరికి ఉపయోగపడెను.

తాతగారి వెంట

జూరిచ్‌కు సమీపమున హోంగ్ అను పల్లె కలదు. హైన్రిక్ తాతగారైన ఆండ్రియాస్ పెస్టాలజీ అక్కడ సంఘకాపరి. తొమ్మిదేండ్ల ప్రాయమునుండి హైన్రిక్ సెలవులలో అక్కడికి పోవుచుండెను. తాతగారు రోగులను, పేదలను దర్శించుటకు ఇంటింటికి పోవునప్పుడు మనుమని తోడుకొని పోయెడివారు. పల్లె బడిని చూచుకొను భారమును ఆయనదే గనుక, అక్కడికిని బాలుని తీసికొనిపోయెడివారు.

మూసిన గదిలో పెరిగిన బాలునికి అది క్రొత్త లోకము. ఆ కాలమున జూరిచ్ పౌరులకున్న హక్కులు చుట్టుపట్ల పల్లె ప్రజలకు లేకుండెను. పరిపాలనలో వారికి పాలు లేదు; స్వేచ్ఛగా వ్యాపారము చేయుటకును వీలులేదు. అనేక కుటుంబములు ఇంటిలో నూలు వడకి, బట్టలు నేసి బ్రదుకుచుండెను. చిన్నపిల్లలు సయితము రాట్నములయొద్ద కూర్చుండవలసివచ్చెను. బడిలో వారికి దొరకునది అర్థము తెలియని కంఠపాఠము. దీనిని చూచిన బాలుని హృదయమున ఒక బాధ నాటుకొనెను. తాతగారివలె సంఘకాపరియై ఈ జనులకు సేవచేయవలెనని ఆయన తలంచెను.

త్రోవ తప్పినట్లు కనబడిన సంవత్సరములు

జూరిచ్ కళాశాలలో ఆయన వేదాంత విద్యకై చేరెను. తరువాత దానిని విడిచి న్యాయశాస్త్రమువైపు తిరిగెను. ప్రజల హక్కులకై వాదించు యువకులతో కలిసి, 1767లో కొద్ది దినములు నిర్బంధములో ఉండెను. 1762లో వెలువడిన రూసో గ్రంథము ఎమీల్ ఆయన మనస్సును కదలించెను. పిమ్మట వ్యవసాయము నేర్చుకొని, 1769లో తనకంటె ఎనిమిదేండ్లు పెద్దదైన ఆన్నా షుల్తెస్‌ను వివాహమాడి, బిర్ గ్రామముచెంత నాయ్‌హోఫ్ అను పొలము కొని స్థిరపడెను. వ్యవసాయము నష్టము తెచ్చెను. 1774లో పేద బిడ్డలను ఇంట చేర్చుకొని, పనియు చదువును కలిపి నేర్పుటకు పూనుకొనెను. అదియు 1780లో మూతపడెను. భార్య తెచ్చిన ఆస్తి కరిగిపోయెను. డబ్బు లెక్క తెలియనితనము ఆయన పెంపకములోని కొరతయే.

అంతకంటె నొప్పించినది వేరొకటి కలదు. 1770లో పుట్టిన తన ఏకైక కుమారునికి రూసో జ్ఞాపకార్థము యాకోబు అను పేరుపెట్టి, ఆ గ్రంథములోని పద్ధతిని అనుసరించి పెంచజూచెను. ఆ బాలుడు చాల ఏండ్లు వచ్చువరకు చదువనువ్రాయను నేర్వలేదు. మూర్ఛరోగముతో బాధపడి 1801లో, తండ్రి బ్రదికియుండగానే, కన్నుమూసెను. ఇతరుల బిడ్డలకు త్రోవ చూపినవాడు తన బిడ్డ విషయములో తడబడెను. ఆయన జీవితమును వ్రాయువారు దీనిని దాచుట తగదు.

నాయ్‌హోఫ్ పాడైన దినములలో ఎలిజబెత్ అను పనికత్తె వచ్చి, జీతము ఆశింపక ఆ యింటిని చక్కదిద్దెను. బాబెలి మరల వచ్చినట్లుండెను. 1781లో పెస్టాలజీ వ్రాసిన లియొనార్డు-గెర్ట్రూడు అను కథలో, తన యింటి గదినే బడిగా మార్చి పిల్లలకు నేర్పు గెర్ట్రూడు అను తల్లి కనబడును. ఆ పాత్రలో ఎలిజబెత్ పోలికలున్నవని చరిత్రకారులు చెప్పుదురు. తన తల్లియు, బాబెలియు ఆమెలో కలిసియున్నారనుటలోను సందేహము లేదు. ఆ పుస్తకము ఆయనకు గొప్ప పేరు తెచ్చెను. అయినను బడిలో నిలువబడు దినము ఇంకను రాలేదు.

ఏబది మూడేండ్ల ఉపాధ్యాయుడు

1798 సెప్టెంబరులో ఫ్రెంచి సైన్యము స్టాన్స్ ప్రాంతమును కొల్లగొట్టి తగులబెట్టెను. అనేకమంది పిల్లలు అనాథలైరి. ప్రభుత్వము వారి భారమును పెస్టాలజీకి అప్పగించెను. 1799 జనవరిలో, ఏబది మూడేండ్లు నిండిన దినములలో, ఒక మఠపు కట్టడములో ఆయన పని ఆరంభించెను. త్వరలోనే పిల్లలు ఎనుబదిమంది వరకు చేరిరి. ఇల్లు నడుపుటకు ఒక స్త్రీ తప్ప వేరు సహాయము లేదు. గజ్జి, పేలు, ఆకలి, భయము, ఇవే వారు వెంట తెచ్చుకొన్నవి. పైగా ఆ ప్రాంతమువారు రోమను కతోలికులు, ఆయన ప్రొటెస్టంటు. ప్రజలు ఆయనను అనుమానముతో చూచిరి.

పుస్తకములు లేవు, పరికరములు లేవు. అప్పుడు ఆయన తన చిన్ననాటి యింటినే జ్ఞాపకము చేసికొనెను. పిల్లలతో తినెను, వారి నడుమ పండుకొనెను. రాత్రి అందరికంటె కడపట నిద్రించి, ఉదయమున అందరికంటె ముందు లేచెను. వారికి నిద్ర వచ్చువరకు వారితో ప్రార్థించుచు, నేర్పుచు నుండెను. కొంచెము నేర్చిన పిల్లవాడు నేర్వని యిద్దరి నడుమ కూర్చుండి, వారి భుజములపై చేతులు వేసి, తనకు తెలిసినది వారికి చెప్పెడివాడు. ఇది అన్నదమ్ముల పద్ధతి గాని తరగతిగది పద్ధతి కాదు.

ఆ వసంతములో ఆల్ట్‌డోర్ఫ్ పట్టణము అగ్నికి ఆహుతియైనప్పుడు, అక్కడి నిరాశ్రయులైన బిడ్డలలో కొందరిని చేర్చుకొందమా అని ఆయన తన పిల్లలను అడిగెను. వారు వెంటనే సమ్మతించిరి. ఆయన తొందరపడనీయక, అప్పుడు మీ భోజనము తగ్గును, పని పెరుగును, బట్టలు పంచుకొనవలెను, ఆలోచించుకొనుడని చెప్పెను. అయినను వారు మాట మార్చుకొనలేదు. కొన్ని నెలల క్రితము ఒకరి రొట్టె నొకరు లాగుకొనిన బిడ్డలు వీరే. ఆయన దృష్టిలో ఇదియే చదువు.

జూన్ నెలలో ఆ కట్టడము సైన్యమునకు ఆసుపత్రిగా కావలసివచ్చి, పాఠశాల మూతపడెను. ఆయన ఆరోగ్యము చెడెను. అయినను కొద్ది వారములలోనే బుర్గ్‌డోర్ఫ్ పట్టణమునకు పోయి, ఒక చెప్పులు కుట్టువాడు నడుపు పేదల బడిలో సహాయ ఉపాధ్యాయుడుగా చేరెను. గొప్ప గ్రంథకర్త ఇట్టి స్థానమున నిలుచుటకు సిగ్గుపడలేదు. ఈ ప్రయోగములు మా పిల్లలమీదనే ఎందుకని తలిదండ్రులు గొణిగి ఆయనను వెళ్ళగొట్టించిరి. అప్పుడు ఆయన పసిపిల్లల బడిలో చోటు సంపాదించుకొని, ఉదయమునుండి సాయంకాలమువరకు పాఠములు చెప్పెను. 1800 మార్చిలో పట్టణపు విద్యాసంఘమువారు ఆ పిల్లలను పరీక్షించి, వారి అభివృద్ధిని చూచి ఆశ్చర్యపడిరి.

ఆయన విధానము సులభమైనది. మొదట వస్తువు, తరువాత దాని పేరు. మొదట కంటికి కనబడునది, పిమ్మట నియమము. అంకెలకు ముందు గింజలు, గులకరాళ్ళు లెక్కించవలెను. ఒకనాడు తరగతిలో నిచ్చెన పటమును చూపగా, పెరటిలో నిజమైన నిచ్చెన ఉండగా దానిని చూడరాదా అని ఒక పిల్లవాడు అడిగెను. మరునాడు కిటికీ పటము చూపగా అదే ప్రశ్న వేసెను. ఈ సంగతి విని పెస్టాలజీ ఆ బాలుడే సరియైనవాడని ఒప్పుకొనెను. శిష్యుడు దిద్దగా దిద్దుకొనిన గురువు ఆయన.

1801లో గెర్ట్రూడు తన బిడ్డలకు నేర్పు విధమును గూర్చి మరియొక గ్రంథము వెలువడెను. తరువాత ఇవెర్డాన్ కోటలో ఆయన విద్యాలయమునకు అనేక దేశములనుండి జనులు వచ్చిరి. చిన్నపిల్లల బడులకు కిండర్‌గార్టెన్ అని పేరుపెట్టిన ఫ్రోబెల్ 1808 మొదలు 1810 వరకు అక్కడ ఉండి నేర్చుకొనెను. సహాయకుల కలహములవలన 1825లో ఆ విద్యాలయము మూతపడెను. వృద్ధుడైన పెస్టాలజీ నాయ్‌హోఫ్‌కు తిరిగివచ్చి, 1826లో ప్రచురించిన తన కడపటి గ్రంథములో తల్లిని, బాబెలిని, తాతగారిని కృతజ్ఞతతో స్మరించెను. 1827 ఫిబ్రవరి 17న బ్రుగ్ పట్టణములో మరణించెను. బిర్ గ్రామపు బడి ప్రక్కనే ఆయనను సమాధి చేసిరి.

మన యిండ్లు

లోయి, యునీకేల యింటిలో తిమోతి తయారైనట్లు, ఆ సామాన్యమైన యింటిలో పెస్టాలజీ తయారాయెను. ఆ ముగ్గురిలో ఎవరును ఒక గొప్ప ఉపాధ్యాయుని సిద్ధపరచుచున్నామని తలంచియుండరు. తల్లి తన బిడ్డలను పోషించెను. పనికత్తె తన మాట నిలుపుకొనెను. తాతగారు మనుమని చేయి పట్టుకొని పేదల గుడిసెలకు పోయెను. వారి పని అంతే. కాని స్టాన్స్‌లోని అనాథ బాలుని భుజముపై పడిన ప్రేమగల చేయి వారి చేతుల కొనసాగింపే.

ప్రియ చదువరీ, మీ యింటిలోను ఒక పసివాడు మౌనముగా చూచుచుండవచ్చును. వ్యాధిగ్రస్తుని పరామర్శింపబోవునప్పుడు మీ మనుమని వెంట తీసికొనిపొండు. ఇంటి పని చేయు స్త్రీని పిల్లల యెదుట గౌరవించుడి. ఆమెయొద్ద వారు నేర్చునది మీరు నేర్పలేనిది కావచ్చును. బిడ్డను కాపాడుచునే, బయటి లోకములో నడచుటకును విడువుడి. పల్లె బడిలో, ఆదివారపు బడిలో కొద్దిమంది పిల్లలయెదుట నిలువబడు ఉపాధ్యాయులారా, మీ పని చిన్నదని కృంగిపోకుడి. ఏబది మూడేండ్ల వయస్సులో, అన్ని ప్రయత్నములు విఫలమైన తరువాత, ఒకడు ఆ పనికే సంతోషముతో వచ్చెను.