మైల్స్ డేవిస్ – ఊపిరికి తోడైన విద్యుత్తు

అమెరికాలోని నల్లజాతి ప్రజలు ప్రపంచానికి ప్రసాదించిన సంగీతం జాజ్. ఆ సంగీతంలో నాలుగు దశాబ్దాలకు పైగా అగ్రశ్రేణిలో నిలిచిన ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్. ఆయన పేరు మన విద్యార్థులలో కొందరు వినియే ఉంటారు. కాని గిటారు వాద్యకారుల కొరకు తయారైన ఒక విద్యుత్ పరికరాన్ని ఊపిరితో పలికించే వాద్యానికి జతచేసి, వేల శ్రోతల ఎదుట వాయించి, అందుకు నిందలు మోసిన వైనం అంతగా ప్రచారంలో లేదు. ఆ వైనాన్ని ఆయన జీవితకథతో కలిపి వివరించాలని మేము సంకల్పించాము.

డేవిస్ 1926 మే 26న ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఆల్టన్ పట్టణంలో జన్మించాడు. తండ్రి దంతవైద్యుడు, కుటుంబం కలిగినది. ఈస్ట్ సెయింట్ లూయిస్‌లో పెరిగిన ఆ బాలునికి పదమూడవ ఏట ట్రంపెట్ చేతికి వచ్చింది. స్వరాన్ని వణికించక నిలకడగా, సూటిగా పలికించాలని గురువు ఎల్వుడ్ బుకానన్ బోధించాడు. ఆ శిక్షణ ఆయన వాదనలో కడవరకు నిలిచింది. 1944లో న్యూయార్కు చేరి జూలియార్డ్ సంగీత విద్యాలయంలో ప్రవేశించాడు. కాని మనసంతా చార్లీ పార్కర్ వాయించే క్లబ్బులమీదనే ఉండుటచే మరుసటి సంవత్సరమే చదువు మానివేశాడు. తరువాత కొన్నేళ్లు హెరాయిన్ వ్యసనానికి లోబడి కీర్తిని, ఆరోగ్యాన్ని పోగొట్టుకొన్నాడు. 1954 నాటికి ఆ వ్యసనం నుండి బయటపడ్డాడు.

1955లో న్యూపోర్ట్ జాజ్ ఉత్సవంలో ఆయన వాదనం మరల అందరి దృష్టిని ఆకర్షించింది. అప్పటికే ఆయన హార్మన్ మ్యూట్ అనే లోహపు బిరడాను ట్రంపెట్ వెడల్పు మూతిలో బిగించి వాయించేవాడు. దానితో నాదం సన్నగిల్లి రహస్యం చెప్పినట్లు వినిపిస్తుంది. మైకును ఆనుకొని వాయించినప్పుడే అది పెద్ద సభకు అందుతుంది. అనగా మైకు ఆయనకు కేవలం ధ్వనిని పెంచే సాధనం కాదు. వాద్యంలో ఒక భాగం. తరువాతి కథకు మూలం ఇచ్చటనే ఉన్నదని మా అభిప్రాయం.

1959లో వెలువడిన కైండ్ ఆఫ్ బ్లూ ఆయనను ప్రపంచప్రసిద్ధుని చేసింది. ఆ ఏడు ఆగస్టులోనే, తాను కచేరీ చేస్తున్న న్యూయార్కు క్లబ్బు వెలుపల నిలబడి ఉండగా పోలీసులు ఆయన తల పగులునట్లు కొట్టారు. ఎంత కీర్తి గడించినా ఆ దేశంలో నల్లవాని బ్రతుకు అట్లుండేది.

1960ల చివరకు యువజనులు జాజ్ క్లబ్బులను వీడి రాక్ సంగీతం వైపు మరలారు. డేవిస్ వారిని నిందించలేదు. వారు వింటున్నదేమిటో తానూ విన్నాడు. గిటారు విద్వాంసుడు జిమీ హెండ్రిక్స్ విద్యుత్ పరికరాలతో సృష్టించిన నాదాలు ఆయనను ఆకర్షించాయి. 1969 నాటి ఇన్ ఎ సైలెంట్ వేలో విద్యుత్ కీబోర్డులను, గిటారును వాడాడు. 1970 ఆగస్టు 29న ఐల్ ఆఫ్ వైట్ ద్వీపంలో లక్షలాది జనం ఎదుట వాయించాడు. మూడు వారాలైనా గడవకముందే, సెప్టెంబరు 18న, హెండ్రిక్స్ మరణించాడు. సియాటిల్‌లో జరిగిన అంత్యక్రియలకు డేవిస్ స్వయంగా వెళ్లాడు.

ఆ డిసెంబరులోనే వాషింగ్టన్ నగరపు సెల్లర్ డోర్ క్లబ్బులో నాలుగు రాత్రులు ఆయన తన ట్రంపెట్‌ను వా-వా పెడల్ గుండా వినిపించాడు. ఇది పాదంతో ముందుకు వెనుకకు వంచే పరికరం. శబ్దంలోని కొన్ని పౌనఃపున్యాలను మాత్రమే ఎత్తిచూపి, ఆ ఎత్తును పాదం కదలికతో పైకి క్రిందికి జరుపుతుంది. నోరు తెరచి మూసినప్పుడు అచ్చులు మారినట్లు వాద్యం మాట్లాడుతున్నట్లు తోస్తుంది. 1966లో కాలిఫోర్నియాలో బ్రాడ్ ప్లంకెట్ అనే ఇంజనీరు దీనిని రూపొందించాడు. మొదట దానికి పెట్టిన పేరు క్లైడ్ మెకాయ్ అనే ట్రంపెట్ వాద్యకారునిది. మ్యూట్‌తో వా-వా ధ్వని పలికించుటలో ఆయన ప్రసిద్ధుడు. కావున ట్రంపెట్ నుండి గిటారుకు పోయిన ధ్వనిని డేవిస్ మరల ట్రంపెట్‌కు తెచ్చాడన్నమాట.

ఇది వినుటకు సులభమే, చేయుటకు కష్టం. మైకు నుండి వచ్చే విద్యుత్ సంకేతం అతి స్వల్పం. పెడల్ గిటారు సంకేతానికి తగినట్లు నిర్మితమైనది. నడుమ సంకేతాన్ని పెంచి పొందిక కుదిర్చే సాధనం లేనిచో నాదం నీరసించి, రొద మిగులుతుంది. అంతకు మించిన చిక్కు మరొకటి ఉన్నది. స్పీకరు శబ్దం తిరిగి మైకులో ప్రవేశిస్తే కీచుధ్వని పుట్టడం మన ముషాయిరాలలో, కవిసమ్మేళనాలలో అందరూ ఎరిగినదే. పెడల్ ఒక పౌనఃపున్యాన్ని ఎత్తినప్పుడు ఆ ప్రమాదం ఇనుమడిస్తుంది. అందుచేత ఆ సంవత్సరాలలో డేవిస్ ట్రంపెట్‌కే పికప్ అమర్చి, తీగతో పెడల్‌కు కలిపాడు. పికప్ వాద్యాన్నే గాని వేదికను అంతగా వినదు.

1972లో ఆన్ ది కార్నర్ వెలువడింది. అందులో తబలా వాయించినది బెంగాల్‌కు చెందిన బాదల్ రాయ్. జాజ్ విమర్శకులలో పలువురు ఆ గ్రంథస్థ సంగీతాన్ని తీవ్రంగా ఖండించారు. ఆయన ధనానికి, ఫ్యాషనుకు అమ్ముడుపోయాడన్నారు. బుకానన్ నేర్పిన నిర్మలనాదాన్ని ప్రేమించినవారికి బాధ కలుగుట సహజమే. ఆ అక్టోబరులో కారు ప్రమాదంలో ఆయన రెండు కాళ్ల చీలమండలూ విరిగాయి. పెడల్ నొక్కవలసిన కాళ్లు అవే. అయినను మరల వేదిక నెక్కాడు. 1975 ఫిబ్రవరి 1న జపానులోని ఒసాకాలో, తుంటి నొప్పితో బాధపడుతూనే, ఒకే రోజున రెండు కచేరీలు చేశాడు. అవి అగార్తా, పాంజియా పేర్లతో వెలువడినాయి. ఆ ఏడే వాదనం విరమించి, సుమారు ఐదేళ్లు మౌనం వహించాడు. 1981లో తిరిగి వచ్చిన తరువాత ట్రంపెట్‌కు తీగలేని మైకు తగిలించుకొని వేదికంతా సంచరిస్తూ వాయించేవాడు. 1991 సెప్టెంబరు 28న, 65వ ఏట, కాలిఫోర్నియాలో కన్నుమూశాడు.

విమర్శకుల అభియోగం న్యాయమా అని మేము యోచించాము. పెడల్ లేని నాదాన్ని పుట్టించజాలదు. ఇచ్చిన నాదాన్ని మార్చగలదు, అంతే. నిలకడైన స్వరం, ఎక్కడ ఆగాలో తెలిసిన నిగ్రహం ఆయనకు ముందే ఉన్నాయి కాబట్టి ఆ యంత్రం ఆయనకు సేవ చేసింది. సాధన లేనివాని చేతిలో అదే యంత్రం వట్టి చప్పుడు. అయితే ఆ సాధనకు కీర్తి తోడైన పిదప, పాత బాణీనే జీవితాంతం వాయించి సుఖంగా ఉండగలిగినవాడు ఆయన. మన్ననను పణంగా పెట్టి, యాభైకి చేరువవుతున్న వయసులో మరల విద్యార్థి అయినాడు. పెద్దలిచ్చిన విద్యను క్షుణ్ణంగా నేర్చి, కాలం తెచ్చిన పరికరాన్ని వెరవక చేపట్టుట ఎట్లో ఆయన జీవితం తెలుపుతున్నది. ఈ రెండింటిలో మొదటిది లేక రెండవది ఫలించదని మన విద్యార్థులు గ్రహించాలని మా మనవి.