గోడను త్రవ్విన పిల్లలు: యోహాన్ విఖెర్న్ జీవితము

లూకా సువార్త 15వ అధ్యాయములోని తప్పిపోయిన కుమారుని కథ మన సంఘములలో వినని వారు లేరు. అయితే ఆ చిన్నవాడు ఆస్తి పంచుకొని దూరదేశము పోవు వయస్సు రాకముందే, పదునాలుగేండ్లకే బడి మాని, ఇంటిలో డబ్బు తీసి, రాత్రులు ఇల్లు చేరక తిరిగియుండిన యెడల తండ్రి యేమి చేయవలసియుండెను? ఇట్టి ప్రశ్న కన్నీటితో అడుగు తలిదండ్రులు మనలో ఉన్నారు. ఇంటనే ఉంచుకొని ఓర్చుకొనవలెనా, లేక ఎక్కడికైనను పంపి కట్టుదిట్టములో పెట్టించవలెనా?

ఈ ప్రశ్న మన పల్లెలకే పరిమితము కాదు. అమెరికాలో అట్టి పిల్లలను ఉంచి చికిత్సయు చదువును చెప్పుదుమను పాఠశాలలు అనేకములు వెలసినవి. మా బిడ్డ అక్కడనే బ్రదికెనని చెప్పు తలిదండ్రులు ఉన్నారు. అచ్చట దెబ్బలు తింటిమి, గదులలో ఒంటరిగా ఉంచబడితిమి అని పెద్దవారైన తరువాత సాక్ష్యమిచ్చిన వారును ఉన్నారు. ఆ సాక్ష్యముల ఫలితముగా 2024 డిసెంబరులో అక్కడ ఇట్టి సంస్థలను గూర్చి విచారించుటకు ఒక చట్టము చేయబడెను. అందుచేత ఇట్టి గృహములకు మార్గదర్శియైన ఒక దైవజనుని జీవితమును ఈ నెల మన చదువరుల యెదుట ఉంచుచున్నాము.

యోహాన్ హీన్రిఖ్ విఖెర్న్ 1808వ సంవత్సరము ఏప్రిల్ 21వ తేదీన జర్మనుల హాంబర్గు నగరములో జన్మించెను. ఏడుగురు బిడ్డలలో ఆయనే పెద్దవాడు. పదునైదవ యేట తండ్రి చనిపోగా, ఇతరుల పిల్లలకు పాఠములు చెప్పి, ఆ సంపాదనతో తల్లికిని తమ్ములకును చెల్లెండ్రకును ఆధారమాయెను. దాతల సాయమున గెట్టింగెన్, బెర్లిన్ నగరములలో దైవశాస్త్రము చదివి, తిరిగివచ్చి, బీదలుండు పేటలో సండేస్కూలు పని చేపట్టెను.

ఆదివారము పాఠము చెప్పి ఊరకుండక, పిల్లల ఇండ్లకు వెళ్లుట ఆయనకు అలవాటు. ఆ ఇండ్లలో ఆయన చూచినది బైబిలు కథతో బాగుపడునది కాదు. వెలుతురు లేని గదులు, ఒక్క గదిలో రెండేసి కుటుంబములు, త్రాగుడు, పనిలేమి, ఎవరి బిడ్డ యెవరో తెలియని స్థితి. వారమున కొక గంట బోధించి తిరిగి అదే మురికి సందులోనికి పంపుట వలన ప్రయోజనమేమని ఆయన మనస్సు కలవరపడెను. దొంగతనములో పట్టుబడిన పిల్లలను పెద్ద నేరస్థుల నడుమ ఉంచుట ఆ కాలమున సాధారణము. అట్లు లోపలికి పోయిన పిల్లవాడు మరి రెండు విద్యలు నేర్చుకొని వెలుపలికి వచ్చెడివాడు.

సీవెకింగ్ అను నగర ప్రముఖుడు హార్ను అను పొరుగు గ్రామములోని తన తోటను, అందలి యొక పూరియింటిని ఇచ్చెను. ఆ ఇంటికి రవ్‌హెస్ హౌస్ అని పేరు. మోటు ఇల్లు అని దాని భావము. 1833 అక్టోబరు 31న, ఇరువది యైదేండ్ల విఖెర్న్ తన తల్లిని, ఒక చెల్లెలిని వెంటబెట్టుకొని ఆ ఇంట ప్రవేశించెను. ఒంటరిగా పోలేదు, జవానులను కావలివారిని తీసికొని పోలేదు. తల్లితో పోయెను. ఈ సంగతిని చదువరులు గమనింపవలెను.

సంవత్సరాంతమునకు పండ్రెండుగురు బాలురు చేరిరి. వారిలో పండ్రెండేండ్ల బాలుడొకడు అప్పటికే 92 దొంగతనములు చేసినట్లు పోలీసువారి లెక్క. ఆ తోట చుట్టును పాత మట్టిగోడ యొకటి యుండెను. అట్టి పిల్లలను పెట్టుకొన్నవాడెవడైనను దానిని ఇంకను ఎత్తు చేయించును. విఖెర్న్ ఆ పిల్లల చేతికే పారలిచ్చి దానిని త్రవ్వి చదును చేయించెను! తాళములు వద్దనెను. చేరినవాని పాత నేరములు క్షమింపబడినవనియు, ఇక ఎవరును వాటిని ఎత్తి పొడువరాదనియు మొదటి దినముననే చెప్పెను. మన యిండ్లలో ఇది యెంత కష్టమో మనకు తెలియును. ఒకసారి రూపాయి తీసిన పిల్లవానికి ఆ మాట పెండ్లినాటి వరకు తప్పదు.

వెంటనే పిల్లలందరు దేవదూతలైరని మేము వ్రాయము. కొందరు పారిపోయిరి. కొందరు తెచ్చిన వస్తువులను అమ్ముకొనిరి. పారిపోయినవానిని వెదకి తెచ్చుట ఆ ఇంటి పనులలో నొకటి. శిక్షలును ఉండెను. ఆ కాలపు మనుష్యుడే గదా.

పిల్లలు ఎక్కువైనకొలది పెద్ద సత్రము కట్టింపక, చిన్న చిన్న ఇండ్లు కట్టించెను. మరుసటి యేటనే మొదటి క్రొత్త ఇంటిని బాలురే చేయి వేసి కట్టిరి. ఒక్కొక్క ఇంట పది పండ్రెండుగురు పిల్లలు, వారితో కూడ తిని, పనిచేసి, నిద్రించు ఒక సహోదరుడు. ఈ సహోదరులు జీతపు కావలివారు కారు, ఈ సేవకై తర్ఫీదు పొందిన విశ్వాసులు. ఆడపిల్లలకు వేరుగా ఇల్లు ఏర్పడెను. వ్యవసాయము, వడ్రంగము, కుట్టుపని, తరువాత అచ్చుపని నేర్పిరి. 1835లో అమాండా అను కన్యకను వివాహమాడగా, ఆమె ఆ పిల్లలందరికి తల్లివలె పాటుపడెను.

క్రిస్మసు ఎప్పుడు, ఎప్పుడని పిల్లలు విసిగించుచుండగా, 1839లో ఆయన యొక పాత బండిచక్రమును వ్రేలాడదీసి, ఆదివారములకు పెద్ద క్రొవ్వొత్తులును వారపు దినములకు చిన్నవియు అమర్చి, దినమున కొకటి వెలిగించుచు వచ్చెను. ఆగమన కాలమందు నేడు అనేక దేవాలయములలో వెలుగు వలయమునకు మొదలు ఆ బండిచక్రమే.

1842 మే నెలలో హాంబర్గు నగరము మూడు దినములకు పైగా తగులబడెను. విఖెర్న్ తన పెద్ద బాలురను సహాయమునకు పంపెను. దొంగలని పేరుపడిన పిల్లలు, తలుపులు తెరిచియున్న ఇండ్ల మధ్య, నగలు మూటలు వీధిలో పడియున్న చోట! వారు సామానులు మోసి, కూలి యిచ్చినను పుచ్చుకొనక, చెప్పిన వేళకు ఇల్లు చేరిరి. మరుసటి సంవత్సరము అమెరికా విద్యాధికారియైన హొరేస్ మాన్ ఆ గృహమును దర్శించి, ఈ సంగతిని తన దేశస్థులకు వ్రాసెను.

1848 సెప్టెంబరు 22న విట్టెన్‌బర్గులో కూడిన సంఘ ప్రముఖుల సభలో విఖెర్న్ ముందుగా వ్రాసికొనకయే దీర్ఘముగా ప్రసంగించి, సువార్తతోపాటు బీదల సేవయు సంఘము యొక్క పనియేనని బోధించెను. అంతరంగ మిషను అను గొప్ప సేవ దాని ఫలితము. ఆ తరువాత ప్రష్యా ప్రభుత్వమువారు చెరసాలలను బాగుచేయుటకు ఆయనను పిలిచిరి.

ఇచ్చట మాకొక సందేహమున్నది. బెర్లినులోని మోఆబిట్ చెరసాలలో ఒక్కొక్క ఖైదీని ఒక్కొక్క గదిలో ఒంటరిగా ఉంచు పద్ధతిని విఖెర్న్ బలపరచెను. తన సహోదరులనే అక్కడ కావలివారిగా పెట్టెను. 1861లో హోల్ట్‌సెన్‌డార్ఫ్ అను న్యాయశాస్త్రజ్ఞుడు దీనిని తీవ్రముగా ఖండించెను. పిల్లలను పండ్రెండుగురి కుటుంబముగా కూర్చిన మనుష్యుడు పెద్దలకు ఒంటరితనము మేలని యెట్లు తలంచెనో మాకు బోధపడదు. పాపసాంగత్యము తప్పిన చాలునని ఆయన అనుకొనియుండవచ్చును.

ఆయన మాదిరిని చూచినవారు అనేకులు. ఫ్రాన్సు దేశస్థుడైన దెమెట్స్ అను న్యాయాధికారి హార్నుకు వచ్చి చూచిపోయి, 1839లో మెట్రే అను చోట బాలుర కాలనీ స్థాపించెను. దానికిని గోడలు లేవు. దానిలోను కుటుంబములని పేరు పెట్టిరి. కాని ఒక్కొక్క కుటుంబములో నలుబది మంది వరకు బాలురు, సైనికుల వంటి క్రమము, తప్పు చేసినవానికి చీకటి గది. నూరేండ్లు నిండకముందే ఆ స్థలము క్రూరత్వమునకు పేరుపడి, పత్రికలవారు బయటపెట్టగా, 1937లో మూతబడెను.

గోడ లేకుండుట మాత్రమే చాలదని మెట్రే వలన తెలియుచున్నది. బిడ్డను పంపదలచిన తండ్రి అక్కడి భవనములను చూచుట కంటె, ఒక పెద్దవాని చేతిలో ఎందరు పిల్లలున్నారో, ఆ పెద్దవాడు వారి పంక్తిలో కూర్చుండి తినునో లేదో, దెబ్బ తిన్న పిల్లవాడు ఇంటికి కబురు చేయగలడో లేదో కనుగొనుట మేలు. మిషను బోర్డింగులలో పెరిగిన మన పెద్దలను అడిగినను ఇదియే చెప్పుదురు. మంచి వార్డెను ఉన్న ఏడు ఒక విధము, లేని ఏడు మరియొక విధము.

విఖెర్న్ కడపటి యేండ్లలో పక్షవాతముతో మంచము పట్టి, బహుగా బాధనొంది, 1881 ఏప్రిల్ 7న హాంబర్గులో ప్రభువునందు నిద్రించెను. గృహపు బాధ్యతను అంతకుముందే కుమారుడు వహించెను.

ఆయన కోరిన సేవ జర్మనీ అంతట వ్యాపించెను గాని, ఆయన ఆత్మ అన్నిచోట్ల నిలువలేదు. 1950, 1960 సంవత్సరములలో పడమటి జర్మనీలోని అనేక గృహములలో, సంఘములు నడిపినవాటిలో సహా, పిల్లలు కొట్టబడి, అవమానింపబడి, కూలి లేక పని చేయింపబడిరి. 2011లో అక్కడి ప్రొటెస్టెంటు సంఘమువారు ఆ వృద్ధులైన పిల్లల యెదుట నిలిచి క్షమాపణ వేడుకొనిరి. హార్నులోని మోటు ఇల్లు 1943లో బాంబులచే కాలిపోయెను. తరువాత దానిని మరల కట్టిరి. ఆ సంస్థ నేటికిని హాంబర్గులో పిల్లలకును, యౌవనులకును, వృద్ధులకును సేవ చేయుచున్నది.