శిశువిద్యా ప్రవర్తకుడు ఫ్రోబెల్

పసివారి ఆటను పెద్దలు పొద్దుపుచ్చుటగా తలంతురు. ఆ ఆటయే విద్యకు తొలిమెట్టని గ్రహించి, ఆటవస్తువులతో ఒక విద్యావిధానమునే నిర్మించిన మహనీయుడు ఫ్రెడరిక్ ఫ్రోబెల్.

ఇతడు 1782 ఏప్రిల్ 21వ తేదీన జర్మనీలోని థురింజియా సీమయందు జన్మించెను. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు. ఏడాది నిండకమునుపే తల్లి గతించెను. సవతితల్లి ఆదరణ కొరవడిన ఆ బాలునకు తోటలోని మొక్కలే చెలికాండ్రైనవి. యౌవనమున యేనా నగరమున చదువుచు, అప్పు తీర్చలేక కొన్ని వారములు చెరసాలలో గడపెను. 1805లో ఫ్రాంక్‌ఫర్టున ఉపాధ్యాయుడైన పిదపగాని తన మార్గమేదియో అతనికి స్పష్టపడలేదు. 1808 నుండి రెండేండ్లు స్విట్జర్లాండున పెస్టలోజీ మహాశయుని పాఠశాలలో నుండి బోధనాక్రమము నెరిగెను.

రామగుండము, గోదావరిఖని గనుల సీమలోని పాఠకులకు ఇతని చరిత్రలో ఒక విశేషము కలదు. ఫ్రోబెల్ ఖనిజశాస్త్రము నభ్యసించి, బెర్లిను ఖనిజ ప్రదర్శనశాలలో సహాయకుడుగా పనిచేసెను. సరళమైన ఆకృతులనుండి స్ఫటికముల వివిధ రూపములేర్పడు తీరును అచట పరిశీలించెను. ఆ పరిశీలనయే పిమ్మట అతని ఆటవస్తువులలో ఫలించినది.

1837లో బ్లాంకెన్‌బర్గున శిశువులకై ఒక సంస్థను నెలకొల్పి, 1840లో దానికి కిండర్‌గార్టెన్, అనగా బాలోద్యానము, అని నామకరణము చేసెను. అచటి ఆటవస్తువులకు కానుకలని పేరు. మొదటి కానుక రంగురంగుల ఆరు ఉన్ని బంతులు. రెండవది కొయ్యతో చేసిన గోళము, ఘనము, స్తంభాకృతి. మూడవది ఎనిమిది చిన్న దిమ్మెలుగా విడివడు ఘనము. ఆ యెనిమిది దిమ్మెలే ఒకప్పుడు పీటయగును, మరొకప్పుడు మెట్లగును, వేరొకప్పుడు ముగ్గువంటి చిత్రమగును. సగము, పాతిక యను లెక్కయు చేతికందును. కట్టినదానిని విప్పి మరల కట్టుటలో శిశువు నిర్మాతయగును. అమెరికా వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ బాల్యమున ఈ దిమ్మెలతో ఆడినవాడే.

1851లో ప్రష్యా ప్రభుత్వము బాలోద్యానములను నిషేధించెను. అన్నకొడుకు కార్ల్ వ్రాసిన గ్రంథమును ఇతనిదిగా పొరబడి, నాస్తికత్వమును అంటగట్టిరి. నిషేధము తొలగుట చూడకయే 1852 జూన్ 21న ఫ్రోబెల్ కన్నుమూసెను. 1860లో నిషేధము తొలగినది. అతని సమాధిపై నేటికిని గోళము, స్తంభాకృతి, ఘనము ఒకదానిపై నొకటి నిలిచియున్నవి.

కాలక్రమమున కొందరు ఉపాధ్యాయులు కానుకల వరుసను బిగించి, అందరును ఒకే రూపమును కట్టవలెనని శాసించిరి. దిమ్మెలు మిగిలినవి గాని ఆట పోయినది. ఈ హెచ్చరిక 1975 నుండి మన దేశమున వెలసిన అంగన్‌వాడీలకును వర్తించును. మన పిల్లలు గోదావరి తడియిసుకలో పాదముపై పిచ్చుకగూళ్ళు కట్టుట, బొమ్మరిండ్లలో గుజ్జనగూళ్ళు వండుట ఫ్రోబెల్ మార్గమునకు దూరము కాదు. వడ్రంగి వాకిట మిగిలిన చెక్కముక్కలను నున్నగా చేయించి యిచ్చి, గుప్పెడు బంకమట్టి పెట్టి, ఏమి చేయవలెనో చెప్పక పెద్దలు ఓరిమితో చూచుచుండిన చాలును. శిశువు తన సృష్టిని తానే చూపును.