మూసీ రెండు ఒడ్ల శిల్పి

పెద్దవూరలో హైదరాబాదు బస్సెక్కితే చివరకు దిగేది ఇమ్లీబన్‌లోనే. సంచీ భుజాన వేసుకుని నయాపూల్ దాకా నడిస్తే మూసీకి ఒక ఒడ్డున ఉస్మానియా దవాఖాన, ఎదుటి ఒడ్డున హైకోర్టు గుమ్మటాలు కనిపిస్తాయి. రోగంతోనో కేసుతోనో పట్నం పోయి, ఆ రెండింటిలో ఒకదాని మెట్లెక్కని కుటుంబం మన పల్లెల్లో అరుదు. వాటిని నిజాం కట్టించాడని అందరికీ తెలుసు. వాటి వెనుక లండన్ పక్కన బ్లాక్‌హీత్‌లో పుట్టిన ఒక ఇంగ్లీషు శిల్పి ఉన్నాడని తెలిసినవారు తక్కువ. ఈ వారం ఆయన గురించి చెప్పుకుందాం.

విన్సెంట్ జెరోమ్ ఎష్ 1876లో పుట్టారు. యువకుడిగానే మన దేశం వచ్చి బెంగాల్ నాగపూర్ రైల్వేలో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరారు. పెద్ద కట్టడాలకు పునాదులు ఎలా వేయాలో అక్కడే చేతులారా నేర్చుకున్నారు. ఆ రోజుల్లో కలకత్తాలో విక్టోరియా మెమోరియల్ కట్టాలని లార్డ్ కర్జన్ పట్టుబట్టాడు. దాని రూపకర్త సర్ విలియం ఎమర్సన్. అలహాబాదులోని ఆల్ సెయింట్స్ కథీడ్రల్ ఆయనదే, బొంబాయి క్రాఫర్డ్ మార్కెట్టూ ఆయనదే. అంటే గుడికీ బజారుకూ ఒకే చెయ్యి. ఎమర్సన్ 1902లో తన నమూనా చిత్రాలు గీసే పని ఎష్‌కు అప్పగించారు. 1903 ఢిల్లీ దర్బారుకు ఎష్ కట్టిన తాత్కాలిక ప్రదర్శనశాల కర్జన్‌కు నచ్చింది. దానితో ఎమర్సన్‌కు తగిన సహాయకుడు ఇతడేనని తేలిపోయింది. ఎమర్సన్ ఇంగ్లండులో ఉంటే, కలకత్తాలో మక్రానా పాలరాతి గోడలు లేస్తుంటే దగ్గరుండి చూసుకున్నది ఎష్. 1906లో పునాదిరాయి పడిన ఆ భవనం 1921లో గాని తెరుచుకోలేదు.

ఈలోగా ఆయనకు హైదరాబాదు నుంచి పిలుపు వచ్చింది. ఎందుకు వచ్చిందో తెలియాలంటే 1908 సెప్టెంబరు 28 గుర్తు చేసుకోవాలి. ఆనాడు మూసీ పొంగి నగరాన్ని ముంచింది. పదిహేను వేల మంది దాకా పోయారని అంచనా. అఫ్జల్‌గంజ్‌లో నది ఒడ్డున ఉన్న ఆసుపత్రి కొట్టుకుపోయింది. దాని ఆవరణలోని చింతచెట్టెక్కి నూట యాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారని నేటికీ చెప్పుకుంటారు. తరువాత విశ్వేశ్వరయ్య గారి సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడింది. ఒడ్లు శుభ్రం చేసి, కూలిన చోట కొత్త నగరం లేపాలనుకున్నాడు ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. ఆ పనికే 1914లో ఎష్ వచ్చారు.

కాచిగూడ రైల్వే స్టేషన్, హైకోర్టు, నేటి సిటీ కాలేజీ, ఉస్మానియా దవాఖాన, ఈ నాలుగూ పదేళ్ల అటూఇటూగా లేచాయి. కాచిగూడ స్టేషనుకు ముందే పోసి ఆరబెట్టిన కాంక్రీటు ముక్కలు వాడారు. ఆ కాలానికి అది సాహసమే. ఎర్ర ఇసుకరాతి హైకోర్టు విషయంలో ఒక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. దాని నక్షా జైపూరుకు చెందిన శంకర్‌లాల్ గీశారు. కట్టించిన ఇంజనీరు మెహర్ అలీ ఫాజిల్. దొర పేరు ఒక్కటే చెప్పి ఈ ఇద్దరినీ, రాయి కొట్టిన వడ్డెరలనూ, సున్నం మోసిన ఆడకూలీలనూ మరిచిపోయే అలవాటు మనకు ఉంది. 1920 ఏప్రిల్‌లో ఆ కోర్టు తలుపులు తెరుచుకున్నాయి.

మాకు ఆసక్తి కలిగించేది మరొకటి. ఎష్ హైదరాబాదు చేరిన 1914లోనే మెదక్‌లో పాస్నెట్ దొరగారు కథీడ్రల్ పని మొదలుపెట్టారు. కరువు కాలంలో ఆ పనే ఎందరికో కూడు పెట్టింది. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగింది. సుమారు 175 అడుగుల శిఖరం, రంగు అద్దాలు, అంతా విలాయతీ గోథిక్ తీరు. అదే కాలంలో అదే రాజ్యంలో మరో ఇంగ్లీషువాడు గుమ్మటాలు, మినార్లు, ఛత్రీలు పెడుతున్నాడు. ఇది ఎష్ గొప్పతనమేనా అంటే పూర్తిగా కాదు. కట్టించినవాడు నిజాం, ఆయన కోరినది ఇచ్చారు. లోపలి వార్డుల వరుసలు, కచేరీ గదులు విలాయతీ పద్ధతే, పైన తలపాగా మాత్రం మొగలాయీది అని ఎకసెక్కం చేసేవారూ ఉన్నారు. అందులో నిజం లేకపోలేదు. అయినా చార్మినార్ పక్కన ఆ భవనాలు చుట్టాల్లా నిలబడ్డాయి గాని అతిథుల్లా కాదు. మన సంఘాల్లో ఆ మాట అర్థం చేసుకున్నది బిషప్ అజరయ్య గారు. 1939లో ప్రతిష్ఠించిన దోర్నకల్ కథీడ్రల్‌లో గుడి స్తంభాలూ మసీదు గుమ్మటాలూ కలిసే ఉంటాయి.

విక్టోరియా మెమోరియల్ ప్రారంభమయ్యాక 1922లో ఎష్‌కు బ్రిటిష్ రాజు బిరుదు ఇచ్చారు. 1950 డిసెంబరులో ఆయన కన్నుమూశారు. అప్పటికి నిజాం రాజ్యమే లేదు.

దవాఖాన సంగతి వేరు. 2020 జూలైలో వానకు పాత భవనం వార్డుల్లోకి మురుగునీరు చేరింది. రోగులను తరలించి ఆ భవనం మూసేశారు. కూల్చాలా, బాగు చేయాలా అని ఏళ్ల తరబడి వాదులాట. 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి పునాదిరాయి పడింది. హైకోర్టుకూ రాజేంద్రనగర్‌లో కొత్త చోటు చూశారు. రోగికి ఎండిన మంచం, మంచి వైద్యం ముఖ్యం. అందుకు కొత్త భవనం కావాలంటే మాకు అభ్యంతరం లేదు. పాత గోడలను మాత్రం వాన నీటికి వదిలేయకుండా సున్నంతోనే మరమ్మతు చేయించాలని అడుగుతున్నాం. పల్లె నుంచి వచ్చి ఆ నీడలో అన్నం మూట విప్పుకున్న ముసలివాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు.