అసలు యజమాని ఎవరు? కార్మిక మంత్రిగా దామోదరం సంజీవయ్య

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే తొవ్వ మీద ఉంటుంది తాడ్వాయి. ఈ మండలం ఊళ్లలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు కనిపిస్తారు. పొద్దున్నే మోరీలు తీసేవాళ్లు, పంచాయతీ ట్రాక్టర్ వెంట చెత్త ఎత్తేవాళ్లు కనిపిస్తారు. కామారెడ్డి లాంటి పట్టణాలకు పోయి ఏజెన్సీల కింద ఆసుపత్రులు, ఆఫీసులు ఊడ్చేవాళ్లూ ఉంటారు. ఊడ్చే పని, ఎత్తే పని చేసేవాళ్లలో ఎక్కువమంది మన వాడల వాళ్లే.

వీళ్ల బాధ్యతలేమిటో అందరికీ తెలుసు. ఎన్నింటికి రావాలో, రాకపోతే ఎంత కోతో ఎవరూ మర్చిపోరు. కానీ రెండు నెలల జీతం ఆగితే ఎవరిని అడగాలి? ఆఫీసు వాళ్లు ఏజెన్సీని చూపిస్తారు. ఏజెన్సీ వాళ్లు బిల్లు పాస్ కాలేదంటారు. బీడీ కార్ఖానా వాళ్లు టేకేదారును చూపిస్తారు. తెలంగాణ పల్లెల్లో వెట్టి నడిచిన రోజుల్లో కూడా ఇంతే. పని మాదిగ, మాల కుటుంబాల బాధ్యత. కూలి మాత్రం ఎవరి బాధ్యతా కాదు.

ఈ ప్రశ్నకు చట్టంలో జవాబు రాసిన రోజున దేశానికి కార్మిక మంత్రిగా ఉన్నది ఒక తెలుగు దళితుడు, దామోదరం సంజీవయ్య. తొలి దళిత ముఖ్యమంత్రిగా, నిజాయితీపరుడిగా ఆయనను గుర్తుచేసుకుంటాం. హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున పార్కుకు ఆయన పేరుంది. కార్మిక మంత్రిగా ఆయన చేసిన పని మాత్రం మన సభల్లో పెద్దగా వినపడదు.

సంజీవయ్య 1921 ఫిబ్రవరి 14న కర్నూలు దగ్గర పెదపాడులో ఒక మాల కుటుంబంలో పుట్టారు. తల్లి సుంకులమ్మ, తండ్రి మునయ్య. సెంటు భూమి లేని ఇల్లు. బిడ్డ పుట్టిన కొద్ది రోజులకే తండ్రి చనిపోయాడు. సంపాదించే మనిషి పోతే ఆ ఇంటికి ఏ పింఛనూ లేని కాలం. తల్లి, అన్న రెక్కల కష్టం మీదే ఆయన బడి ముఖం చూశారు. కర్నూలు మున్సిపల్ హైస్కూల్లో చదివి, అనంతపురం కాలేజీలో డిగ్రీ పూర్తి చేశారు.

చదువు కాగానే పెద్ద కొలువు రాలేదు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజుల్లో కర్నూలు రేషనింగ్ ఆఫీసులో గుమాస్తాగా చేరారు. యుద్ధం కోసం పుట్టిన తాత్కాలిక ఉద్యోగాలవి, అవసరం తీరగానే పోయేవి. తర్వాత మద్రాసు వెళ్లి లా చదివారు. అంటే దేశానికి కార్మిక మంత్రి కాకముందే ఆయనకు కూలి ఇల్లు ఎలా గడుస్తుందో తెలుసు, టెంపరరీ ఉద్యోగమంటే ఏమిటో తెలుసు.

1950లో తాత్కాలిక పార్లమెంటులో సభ్యుడయ్యారు. 1952లో మద్రాసు శాసనసభకు గెలిచి రాజాజీ మంత్రివర్గంలో చేరారు. 1960 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యేనాటికి ఆయనకు 39 ఏళ్లు కూడా నిండలేదు. ప్రభుత్వ ఉద్యోగికి హక్కులతో పాటు జవాబుదారీతనమూ ఉండాలని, 1961లో అవినీతి నిరోధక శాఖను ఏర్పాటు చేసింది ఆయన ప్రభుత్వమే. వృద్ధులకు పింఛను ఇచ్చే పని కూడా ఆయన హయాంలోనే మొదలైంది. కొడుకు ముఖ్యమంత్రి అయినా సుంకులమ్మ ఊళ్లో కట్టెల పొయ్యి మీదే వండుకునేదని జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. 1962 మార్చిలో పదవి దిగాక, అదే ఏడాది కాంగ్రెస్ పార్టీకి తొలి దళిత అధ్యక్షుడయ్యారు.

1964 జూన్‌లో లాల్ బహదూర్ శాస్త్రి మంత్రివర్గంలో కార్మిక శాఖ ఆయన చేతికి వచ్చింది. అప్పటికి బోనస్ పెద్ద గొడవ. లాభం వస్తే యజమాని దయతలచి ఇచ్చే బక్షీస్ కింద దాన్ని చూసేవారు. మిల్లు మిల్లుకూ సమ్మె, ట్రిబ్యునల్, అప్పీలు. 1961లో వేసిన బోనస్ కమిషన్ నివేదిక ఇచ్చింది కానీ చట్టం లేదు. 1965లో ముందు ఆర్డినెన్సు, సెప్టెంబరులో బోనస్ చెల్లింపు చట్టం వచ్చాయి. ఇరవై మంది, ఆ పైన పనిచేసే చోట, ఏడాదిలో కనీసం 30 రోజులు పనిచేసిన వాళ్లకు, నిర్ణీత జీతం పరిమితికి లోబడి, లాభం రాకపోయినా కనీస బోనస్ ఇవ్వాలని రాశారు. అప్పుడు అది జీతంలో 4 శాతం లేదా 40 రూపాయలు, ఏది ఎక్కువైతే అది. బక్షీస్ హక్కయింది.

ఆ చట్టంలోనే బాధ్యత కూడా ఉంది. మోసం, దొంగతనం, పనిచోట హింస, ఆస్తి ధ్వంసం లాంటి కారణాలతో డిస్మిస్ అయిన ఉద్యోగికి బోనస్ ఉండదని అందులో రాశారు. ఇక్కడ గమనించాల్సింది, ఆ జాబితా చిన్నది. ఎదురు మాట్లాడాడని, సంఘంలో చేరాడని, తలవంచి నిలబడలేదని బోనస్ కోసే వీలు అందులో లేదు. మన వాళ్లకు వినయం కూడా డ్యూటీలో భాగమే అన్నట్టు నడిచిన పనిచోట్లలో ఇది చిన్న మార్పు కాదు. అయితే మున్సిపాలిటీల్లాంటి స్థానిక సంస్థల ఉద్యోగులను ఈ చట్టం బయటే ఉంచింది. సఫాయి కార్మికులకు ఆ బక్షీస్ హక్కు కాలేదు.

1966 జనవరిలో కార్మిక శాఖ మరో దళిత నాయకుడు జగ్జీవన్ రామ్ చేతికి వెళ్లింది. ఆ ఏడాది చివర్లో బీడీ, సిగార్ కార్మికుల చట్టం వచ్చింది. ఇంట్లో కూర్చుని చుట్టే ఆడమనిషి కూడా కార్మికురాలేనని, టేకేదారు వెనక అసలు యజమాని ఉంటాడని ఆ చట్టం గుర్తించింది. తాడ్వాయి చుట్టుపక్కల ఆడవాళ్లకు అప్పట్లో ఇది సొంత చట్టమైంది.

సంజీవయ్య 1970 ఫిబ్రవరిలో మళ్లీ కార్మిక మంత్రి అయ్యారు. అదే ఏడాది సెప్టెంబరులో కాంట్రాక్టు కార్మికుల క్రమబద్ధీకరణ, నిర్మూలన చట్టం వచ్చింది. అమలైంది 1971 ఫిబ్రవరిలో. మొదట్లో మనం అడిగిన ప్రశ్నకు జవాబు ఇందులో ఉంది. ఎవరి కోసం పని జరుగుతుందో వాళ్లే ప్రధాన యజమాని. కాంట్రాక్టరు జీతం ఇచ్చేటప్పుడు ప్రధాన యజమాని తరఫు మనిషి దగ్గరుండి చూడాలని ఆ చట్టం చెప్పింది. కాంట్రాక్టరు ఎగ్గొడితే ప్రధాన యజమానే చెల్లించి, తర్వాత కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవాలి. మంచినీళ్లు, మరుగుదొడ్డి, ప్రథమ చికిత్స కాంట్రాక్టరు పెట్టకపోతే ప్రధాన యజమానే పెట్టాలని రాశారు. ఉద్యోగ కార్డు, జీతం చీటీ ఇవ్వాలని 1971 నిబంధనలు చెప్పాయి. ఒకే రకం పనికి ఒకే జీతమన్న షరతూ వాటిలో ఉండేది.

ఇదే కాలంలో, 1971 మార్చి 1 నుంచి, పీఎఫ్ ఉన్న కార్మికుల కుటుంబాలకు కుటుంబ పింఛను పథకం మొదలైంది. సర్వీసులో ఉండగా కార్మికుడు చనిపోతే భార్యాపిల్లలకు నెలనెలా కొంత అందే ఏర్పాటు అది. పెదపాడులో సుంకులమ్మ లాంటి తల్లులకు లేనిది, కనీసం పీఎఫ్ ఉన్న ఇళ్లకు వచ్చింది.

అయినా ఈ చట్టాలను పొగిడి ఊరుకుంటే సరిపోదు. కాంట్రాక్టు చట్టం పేరులో నిర్మూలన ఉంది కానీ ఎక్కువగా జరిగింది క్రమబద్ధీకరణే. ఏడాది పొడవునా ఉండే పనిలో కాంట్రాక్టును నిషేధించే అధికారం ప్రభుత్వానికి ఇచ్చారు. నిషేధించాక ఆ కార్మికులు ఏమవుతారో రాయలేదు. వాళ్లు వాటంతట అవే పర్మినెంట్ కారని 2001లో స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాంట్రాక్టు బూటకమని రుజువైతేనే వాళ్లు ప్రధాన యజమాని ఉద్యోగులవుతారు. ఇరవై మంది లెక్క కూడా పెద్ద కన్నమే. నలుగురైదుగురు సఫాయి కార్మికులుండే చిన్న పంచాయతీ ఆ లెక్కకు ఎప్పటికీ చేరదు.

ఆ తర్వాత ఆ కన్నం పెద్దదైంది. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సవరణ ముఖ్యమైన పనుల్లో కాంట్రాక్టును నిషేధించి, పారిశుధ్యాన్ని ముఖ్యమైన పని కాదని పక్కన పెట్టింది. 2020లో పార్లమెంటు చేసిన వృత్తి భద్రత కోడ్ కూడా అదే దారి పట్టింది. ఇరవైని యాభై చేసింది. ఆ కోడ్ 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. ఊడ్చడం, కాపలా, బరువులెత్తడం, క్యాంటీన్ పనులు ముఖ్యమైనవి కావట. చట్టం కులం పేరు ఎత్తదు. కానీ ఆ జాబితాలో ఉన్న పనులు ఎవరి చేతుల్లో ఉన్నాయో మనకు తెలుసు.

సంజీవయ్య 1971లో రెండోసారి కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. 1972 మే నెలలో, 51 ఏళ్లకే కన్నుమూశారు. ఆయన పాలకపార్టీ మనిషి, ఉద్యమ నాయకుడు కాదు. ఆయన చట్టాల్లో రాజీలున్నాయి. కానీ తరతరాలుగా బాధ్యత మాత్రమే రాసి ఉన్న మన బతుకుల పక్కన, హక్కు అనే మాటను కూడా అదే కాగితం మీదికి తెచ్చినవాళ్లలో ఆయన ఒకరు.

ఆ కాగితాన్ని కాపాడుకోవడం ఇప్పుడు మన బాధ్యత. తెలంగాణలో బీడీ కార్మికులకు పింఛను వచ్చినప్పుడు పీఎఫ్ నంబరు ఉన్నవాళ్లు దక్కించుకున్నారు. ఏళ్లకేళ్లు చుట్టినా నంబరు లేనివాళ్లు బయట మిగిలారు. అందుకే జీతం చీటీ అడగాలి. హాజరు రోజులు మనమూ ఒక నోటుబుక్కులో రాసుకోవాలి. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకూడదు. జీతం ఆగితే ఏజెన్సీ పేరుతో పాటు ప్రధాన యజమాని పేరు కూడా రాసి లేబర్ ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. చదువుకున్న పిల్లలు వాడకొకరు కూర్చుని ఈ కాగితాలు రాసిపెడితే, హుస్సేన్‌సాగర్ ఒడ్డున పూలదండ వేయడం కంటే అదే సంజీవయ్యకు పెద్ద నివాళి.