పిన్ని కొనిచ్చిన బ్యాటు

క్రికెట్ గురించి నాకు తెలిసింది తక్కువే. ఎల్బీడబ్ల్యూ ఎందుకిచ్చారో ఇప్పటికీ మా ఇంట్లో ఎవరో ఒకరు చెప్పాల్సిందే. అయినా ఆట చూసి పేపర్లో రాసి, ఆ రాతతోనే పేరు తెచ్చుకున్న నెవిల్ కార్డస్ జీవితం చదువుతుంటే పుస్తకం కింద పెట్టలేకపోయాను. ఆటకంటే ముందు నన్ను పట్టుకున్నది ఆయన పుట్టిన ఇల్లు.

ఇంగ్లండులోని మాంచెస్టర్ ఊళ్లో రషోమ్ అనే పేట. అక్కడ 1888లో పుట్టాడు. తాత పోలీసు ఉద్యోగం చేసి రిటైరైనవాడు. ఇరుగుపొరుగు బట్టలు తెచ్చి ఉతికి, ఇస్త్రీ చేసి ఇస్తే వచ్చే డబ్బులతో ఇల్లు గడిచేది. తండ్రి ఎవరో పిల్లవాడికి తెలీదు. తల్లి ఏడా, ఆవిడ చెల్లెలు బియాట్రిస్ కొన్నాళ్లకు సాయంత్రాలు ముస్తాబై బయటికి వెళ్లేవారు. ఎందుకో నేను విడమర్చి చెప్పక్కర్లేదు. అలాంటి ఇంట్లో పిల్లాడు ఏమైపోతాడని మనమైతే నోరు నొక్కుకుంటాం కదూ!

కానీ ఆ పిన్నే వాడికి మాటల మీద మోజు కలిగించింది. పుస్తకాలు చదవమని వెంటపడింది. మొట్టమొదటి క్రికెట్ బ్యాటు కొనిచ్చింది కూడా ఆవిడే. రేపు వీడు గొప్ప రచయిత అవుతాడని ఆవిడేమైనా కలగందా? పిల్లాడు ముచ్చట పడ్డాడు, కొనిచ్చింది, అంతే.

బడి చదువు పదమూడో ఏటితోనో ఆ దరిదాపుల్లోనో ఆగిపోయింది. ఉతికిన బట్టలు ఇళ్లకు చేరవేశాడు, థియేటర్లో చాక్లెట్లు అమ్మాడు. తర్వాత సముద్ర బీమా కంపెనీలో గుమాస్తాగా కొన్నేళ్లు ఉన్నాడు. పగలు ఆఫీసు, సాయంత్రం ఊళ్లోని ఉచిత గ్రంథాలయం. డికెన్స్ నవలలంటే ప్రాణం. ఆరు పెన్నీలు చేతిలో ఉంటే ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానానికి పరుగు. అక్కడ మెక్‌లారెన్, స్పూనర్ ఆడుతుంటే చూసి చూసి కళ్లు నింపుకునేవాడు. కాలేజీ గడప తొక్కని మనిషికి ఈ రెండే కాలేజీలు. డిగ్రీ పట్టా ట్రంకు పెట్టెలో భద్రంగా దాచుకున్న నాలాంటివాళ్లకి ఈ మాట కాస్త గుచ్చుకుంటుంది.

పత్రికలో చేరాలని ఉంది. కానీ ఎవరు రానిస్తారు? 1912లో ష్రూస్‌బరీ అనే పెద్దింటి పిల్లల బడిలో క్రికెట్ నేర్పే సహాయకుడు కావాలంటే వెళ్లి చేరాడు. అక్కడి హెడ్మాస్టరు ఆలింగ్టన్ ఇతని చదువు చూసి తన సెక్రటరీగా పెట్టుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యాక చూపు సరిగా లేదని సైన్యంలోకి తీసుకోలేదు. 1916లో హెడ్మాస్టరు వేరే బడికి మారిపోతే మళ్లీ వీధిన పడ్డాడు. అప్పుడు మాంచెస్టర్ గార్డియన్ పత్రిక సంపాదకుడు సి.పి. స్కాట్‌కి ఉత్తరం రాశాడు. విలేకరి ఉద్యోగం అడగడానికి ధైర్యం చాల్లేదు, గుమాస్తా పనైనా చాలన్నాడు. ముందు లోపలికి అడుగు పెడితే తర్వాత సంగతి తర్వాత అనుకున్నాడేమో. ఆ ఉత్తరం దారి చేసింది. 1917లో విలేకరి అయ్యాడు. చిన్నా చితకా సభలు, పాటల కచేరీ హాళ్లు రాసుకుంటూ రెండేళ్లు గడిపాడు.

1919లో ఆరోగ్యం బాగా దెబ్బతింది. యుద్ధం వల్ల నాలుగేళ్లు ఆగిపోయిన కౌంటీ క్రికెట్ అప్పుడే మళ్లీ మొదలైంది. కాస్త కోలుకుంటున్న ఇతన్ని చూసి న్యూస్ ఎడిటర్ క్రోజియర్, ఎండలో కూర్చుని గాలి పీలుస్తూ లాంకషైర్ ఆట చూసి నాలుగు ముక్కలు రాసి పంపు అన్నాడు. ఒంటికి మంచిదని చెప్పిన పని అది! వెళ్లి రాశాడు. మరుసటి ఏడు నుంచి 'క్రికెటర్' అన్న కలం పేరుతో పత్రికకు ఆయనే క్రికెట్ రచయిత.

ఆయన రాతలో కొత్తేమిటి? అంతకు ముందు ఎక్కువగా ఎవరెన్ని పరుగులు తీశారు, ఎవరెలా అవుటయ్యారు అన్నదే ఉండేది. ఈయన మనుషుల్ని చూశాడు. ఎమట్ రాబిన్సన్ అనే యార్క్‌షైర్ ఆటగాడున్నాడు. మామూలు ఆటగాడే. కార్డస్ చేతిలో పడి నవల్లో పాత్రలా నిలబడిపోయాడు. మైదానం మీద వెలుగు, ప్రేక్షకుల గొణుగుడు, బౌలరు మొహంలో చిరాకు అన్నీ పేపర్లోకొచ్చాయి. ఆట చూడనివాళ్లు కూడా చదివేవారు.

ఇక్కడే ఒక చిక్కుంది. ఆటగాళ్ల నోట పలికించిన మాటలన్నీ వాళ్లు అన్నవి కావు. కొన్ని తానే కల్పించానని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. కథలు రాసేదాన్ని కాబట్టి ఆ చెయ్యి దురద నాకు తెలుసు. ఒక్క మాట అటూ ఇటూ చేస్తే మనిషి ఎంత బాగా కనిపిస్తాడో! కానీ కథలో అది నేర్పు, వార్తలో కాదు. ఎంత అభిమానమున్నా ఈ విషయంలో ఆయన్ని నేను వెనకేసుకు రాను.

పెళ్లి కథా అంతే. 1921 జూన్‌లో ఈడిత్ కింగ్ అనే స్కూలు టీచర్ని చేసుకున్నాడు. ఆ రోజు కూడా లాంకషైర్ ఆట మొదలవడం చూసి, మధ్యలో వెళ్లి పెళ్లి చేసుకుని తిరిగొచ్చేసరికి స్కోరు పదిహేడు పరుగులే పెరిగిందని రాసుకున్నాడు. ఎంతవరకు నిజమో నేను పందెం కట్టను. కాపురం మాత్రం మనకు వింతగానే తోస్తుంది. ఎక్కువ కాలం ఎవరి దారి వారిదే. 1940లో ఆయన ఆస్ట్రేలియా వెళ్లిపోయాడు. తర్వాత ఆవిడా సిడ్నీ వస్తే, వేరే ఇల్లు చూసిపెట్టి వారానికోసారి కలిసి భోంచేసేవాడు. విడాకులు లేవు, విరోధమూ లేదు. 1968లో ఆవిడ పోయేదాకా అదే వరస. ఆ ఒంటరి ఇంట్లో ఆవిడ ఏమనుకునేదో రాసినవాళ్లు నాకు కనబడలేదు.

1927 నుంచి అదే పత్రికకు ప్రధాన సంగీత విమర్శకుడు కూడా ఆయనే. ఎండాకాలం క్రికెట్, చలికాలం కచేరీలు. సంగీతం కూడా బడిలో నేర్చుకున్నది కాదు, విని, చదివి నేర్చుకున్నదే. 1967లో సర్ నెవిల్ అయ్యాడు. 1975 ఫిబ్రవరిలో లండన్‌లో కన్నుమూశాడు.

సిడ్నీలో ఉండగా రాసిన ఆత్మకథ 1947లో వచ్చింది. అందులో పుట్టిన ఏడాదినే 1889 అని ఒకటి కలిపి రాశాడు. చిన్ననాటి బీదరికానికీ కాస్త రంగు పూశాడంటారు. కానీ పేరూ పరువూ వచ్చాక ఎవరైనా ముందుగా దాచేసే సంగతిని మాత్రం దాచలేదు. అమ్మా, పిన్నీ సాయంత్రాలు ఎక్కడికి వెళ్లేవారో రాశాడు. తండ్రి తెలియదనీ రాశాడు. ఆ పక్కనే, తనకి మాటల రుచి చూపించింది బియాట్రిస్ పిన్నేనని కూడా రాశాడు.